పాఠనిర్ణయమున గణితప్రమాణము : చతురంగసంఖ్యాపద్యము

ప్రాచీనగ్రంథములను పరిష్కరించు పండితులకు పాఠనిర్ణయమున తోడ్పడు సాధనములు సామాన్యముగా నాలుగు. ప్రతుల సంఖ్యయు ప్రాచీనతయు మొదటిది, ఛందస్సు రెండవది, వ్యాకరణము మూడవది, అర్థౌచిత్యము నాలుగవది. ఈ నాలుగింటిలో ఏదియు సంశయమును పూర్తిగా తొలగింపజాలదు. ప్రతులన్నియు ఒకే తప్పుప్రతినుండి పుట్టినవి కావచ్చును. ఛందస్సునకు సరిపడు పదములు పెక్కు ఉండవచ్చును. వ్యాకరణవిరుద్ధమని మన మనుకొన్న ప్రయోగమే కవి ప్రయోగము కావచ్చును. ఔచిత్యము పరిష్కర్త అభిరుచిని బట్టి మారుచుండును. కావున ఎంత జాగరూకతతో పరిష్కరించినను, 'ఇదియే సరియైన పాఠము' అని నిస్సంశయముగా చెప్పగల చోట్లు మిక్కిలి తక్కువ.

అట్టి అరుదైన చోటు ఒకటి తెలుగు గణితవాఙ్మయమున కలదు. పావులూరి మల్లన గణితమునకు చెందినదిగా ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఇరువది స్థానముల సంఖ్య యొకటి పదరూపమున బంధింపబడియున్నది. చతురంగపు పలక యందలి అరువదినాలుగు గళ్లలో మొదటిదానియందు ఒకటి, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు రెట్టింపుగా ఉంచుచు పోయినచో మొత్తమెంత యగునో ఆ పద్యము చెప్పుచున్నది. ఆ మొత్తము 18446744073709551615. ఈ సంఖ్య గుణములను పరిశీలించి, అవి పాఠపరిష్కర్తకు ఎంతవరకు ఉపకరించును, ఎక్కడ ఉపకరింపవు అను రెండు విషయములను నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట గ్రంథమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. రాష్ట్రకూటచక్రవర్తి యగు అమోఘవర్షనృపతుంగుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైనగణితజ్ఞుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో అది 1912లో మద్రాసున ముద్రితమైనది. ఆ గ్రంథమును తెలుగుపద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడు, నన్నయకు సమకాలికుడు అని కొందరును, గ్రంథకర్త ఆ మల్లన కాదు, అతని పేరే గల మనుమడు అని కొందరును తలంచిరి. మొదటి మతమున గ్రంథము పదునొకండవ శతాబ్దమునకును, రెండవ మతమున పండ్రెండవ శతాబ్దప్రారంభమునకును చెందును. ఏ మతమును గ్రహించినను, తెలుగున శాస్త్రగ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఇది యొకటి యనుట నిర్వివాదము.

ఐనను సాహిత్యచరిత్రలలో ఈ గ్రంథమునకు లభించిన స్థలము స్వల్పము. కావ్యము కాదని సాహిత్యవేత్తలును, పద్యమని గణితవేత్తలును దీనిని పరస్పరము అప్పగించుకొనిరి. సంఖ్యాపద్యములను బోధించునపుడు గూడ మనము 'ఇందు భూతసంఖ్యలు కలవు' అని చెప్పి ముందునకు సాగుచున్నాము గాని, ఆ సంఖ్య సరిగా నున్నదా యని లెక్కించి చూచుట అరుదు. ఈ దోషమునకు మేమును అతీతులము కామని ముందు ముందు తెలియగలదు.

భూతసంఖ్యాపద్ధతి పాఠకులకు పరిచితమే. లోకమున ఒకటిగా నున్న చంద్రుడు ఒకటికిని, వేదములు నాలుగింటికిని, మన్మథుని బాణములు ఐదింటికిని, తర్కములు ఆరింటికిని, కులపర్వతములు ఏడింటికిని, దిగ్గజములు ఎనిమిదింటికిని, ఆకాశము సున్నకును సంకేతములు. అంకెలు ఎడమవైపునకు నడచునను నియమమును బట్టి మొదటి పదము ఏకస్థానమును, తరువాతి పదము దశస్థానమును తెలుపును. మన పద్యము 'శర' శబ్దముతో ప్రారంభమగుచున్నది. కావున ఏకస్థానమున ఐదు. కడపటిదియగు ఇరువదవ స్థానమును చంద్రవాచకము తెలుపుచున్నది. కావున అచట ఒకటి. నడుమ నాలుగింటికి అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అను నాలుగు వేర్వేరు పదములు ప్రయుక్తములైనవి. ఏడింటికి నగ, భూధర, గిరి అను మూడు పదములు. పర్యాయపదముల సంపద గల భాషలోనే ఇట్టి రచన సాధ్యము. ఒకే యంకెకు గురువు కావలసినచోట గురువును, లఘువు కావలసినచోట లఘువును ఇచ్చు పదము దొరకుట ఈ పద్ధతికి ప్రాణము.

ఇరువది స్థానములనుట సామాన్యవిషయము కాదు. భాస్కరాచార్యుని లీలావతిలో స్థానసంజ్ఞలు ఏకము మొదలు పరార్ధము వరకు పదునెనిమిది మాత్రమే. మన సంఖ్య పరార్ధమును దాటి ఇంకను రెండు స్థానములు ముందునకు పోవుచున్నది. మహావీరాచార్యుడు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు పెట్టినాడు. అతని లెక్కలో పందొమ్మిదవ స్థానము శంఖము, ఇరువదవది మహాశంఖము. అనగా ఈ సంఖ్యలో ఒక మహాశంఖమును ఎనిమిది శంఖములును కలవు. మహావీరుని సంప్రదాయమున పెరిగిన గ్రంథమున ఇంత పెద్ద సంఖ్య చోటుచేసికొనుట సహజముగానే యున్నది. నేటి పద్ధతిలో విరామచిహ్నములతో వ్రాసినచో ఇది 1,84,46,74,40,73,70,95,51,615 అగును.

ఈ సంఖ్యను ప్రాచీనులు ఎట్లు సాధించిరి? అరువదినాలుగు గళ్లను వరుసగా రెట్టించి, అన్నింటిని కూడవలసిన పనిలేదు. ఇచ్చట ఛందశ్శాస్త్రమే దారి చూపుచున్నది. పింగళుని ఛందస్సూత్రములలో, ఇన్ని యక్షరముల పాదమునకు ఎన్ని వృత్తములు పుట్టునో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. ప్రతి యక్షరమును గురువో లఘువో యగుటచే అక్షరము పెరిగినకొలది వృత్తసంఖ్య రెట్టింపగును. ఆ రెట్టింపును క్లుప్తముగా చేయుటకు అక్షరసంఖ్య సరిసంఖ్యయైనచో సగము చేయవలెను, బేసియైనచో ఒకటి తీసివేయవలెను. మరల వెనుకకు వచ్చునపుడు సగము చేసినచోట వర్గమును, ఒకటి తీసినచోట రెట్టింపును చేయవలెను. మహావీరుడు గుణోత్తరశ్రేఢుల విషయమున ఈ యుపాయమునే గ్రహించెను.

అరువదినాలుగునకు దీనిని ప్రయోగింతము. 64, 32, 16, 8, 4, 2, 1 అని ఆరుమారులు సగము చేయగా ఒకటి మిగులును. ఆ యొకటిని తీసివేయుటచే మరలునపుడు మొదట రెండు వచ్చును. దానిని ఆరుమారులు వర్గించినచో క్రమముగా 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616 లభించును. అరువదిమూడు రెట్టింపులకు మారుగా ఆరు వర్గములు చాలినవి. వానిలోను నిజముగా శ్రమపెట్టునది కడపటిది మాత్రమే. ఇక ఒకటి మొదలు రెట్టింపగుచు పోవు సంఖ్యల మొత్తము, తరువాత రావలసిన సంఖ్యకు ఒకటి తక్కువగా నుండును. ఒకటి, రెండు, నాలుగు కూడిన ఏడగును, తరువాతిది ఎనిమిది. కావున అరువదినాలుగు గళ్ల మొత్తము అరువదియైదవ గడిలో ఉండవలసిన సంఖ్యకు ఒకటి తక్కువ. అదియే మన పద్యమందలి సంఖ్య.

ఉక్త మొదలు ఉత్కృతి వరకు గల ఇరువదియారు ఛందములలో పుట్టు సమవృత్తములన్నియు 134217726 అని లాక్షణికులు చెప్పునదియు ఈ సంకలితమార్గమున వచ్చినదే. చంపకమాల పాదమునకు ఇరువదియొక్క అక్షరములు. అది ప్రకృతిచ్ఛందమునకు చెందినది. ఆ ఛందమున పుట్టు వృత్తములు 2097152. అందు చంపకమాల 711600వ వృత్తము. ఈ వృత్తసంఖ్యను గూడ ఒకటి, రెండు, నాలుగు అని అక్షరములపై రెట్టింపుసంఖ్యలను వేసి, లఘువులపై నున్నవానిని కూడి, ఒకటి చేర్చియే సాధింతురు. రెట్టింపు మొత్తమును చెప్పు పద్యము రెట్టింపుతోనే గుర్తింపబడు వృత్తమున నడచుచున్నది. కవి దీనిని ఉద్దేశించెనని మేము చెప్పుటలేదు. ఛందమును గణితమును ఒకే పాఠశాలలో చదివినవారికి ఈ రెండు విద్యలకును నడుమ నేడు మనము కట్టిన గోడ లేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక సంఖ్యాగుణములను చూతము. ఒక వర్గమునుండి ఒకటి తీసివేసినచో వచ్చునది, ఆ వర్గమూలమునకు ఒకటి కలిపినదానిని ఒకటి తీసినదానితో గుణించిన లబ్ధమగును. మన సంఖ్య 4294967296 అనుదాని వర్గమునకు ఒకటి తక్కువ. కావున అది 4294967297, 4294967295 అను రెంటి లబ్ధము. ఈ రెండవది మరల 65536 అనుదాని వర్గమునకు ఒకటి తక్కువ. ఇట్లు క్రిందికి దిగుచు వచ్చినచో సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరింటి గుణకారముగా విడిపోవును. వీనిలో మొదటి యైదును అభాజ్యసంఖ్యలు. ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా 1640లో ఈ విధమైన సంఖ్యలన్నియు అభాజ్యములే యని తలంచెను. కాని ఆరవదియగు 4294967297 అట్టిది కాదనియు, 641చే భాగింపబడుననియు 1732లో ఆయిలర్ చూపెను. లబ్ధము 6700417. ఇదియు అభాజ్యసంఖ్యయే.

641 భాజకమగుటకు కారణము క్లుప్తముగా చెప్పవచ్చును. 641 అనునది ఐదును 128తో గుణించి ఒకటి చేర్చినదియు, ఐదు యొక్క చతుర్ఘాతమగు 625నకు రెండు యొక్క చతుర్ఘాతమగు 16ను చేర్చినదియు అగుచున్నది. మొదటిదానిని బట్టి 641చే భాగింపగా ఐదును 128తో గుణించిన లబ్ధము 'ఋణ ఒకటి'తో సమానము. దాని చతుర్ఘాతము ఒకటితో సమానము. అందు ఐదు యొక్క చతుర్ఘాతమునకు మారుగా, రెండవదానిని బట్టి, ఋణ 16ను ఉంచినచో రెండు యొక్క ముప్పదిరెండవ ఘాతము 'ఋణ ఒకటి'తో సమానమని తేలును. దానికి ఒకటి చేర్చినచో శేషము సున్న.

ఇట్లు మన సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు అభాజ్యసంఖ్యల లబ్ధము. ఏదియు రెండుమారులు రాలేదు. ఒక్కొక్కదానిని గ్రహించుటయో విడుచుటయో చేయవచ్చును గనుక, ఒకటిని సంఖ్యను గూడ చేర్చి, దాని భాజకములు 128. రెట్టింపునుండి పుట్టిన సంఖ్యకు భాజకముల లెక్కయు రెట్టింపుమార్గముననే వచ్చినది.

పాఠపరిష్కర్తకు ప్రత్యేకముగా కావలసినవి రెండు శేషములు. మొదటిది తొమ్మిది శేషము. రెండు యొక్క ఘాతములను తొమ్మిదిచే భాగించినచో శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకమారు తిరిగి వచ్చుచుండును. అరువదినాలుగవ ఘాతమునకు నాలుగవ శేషమగు 7 లభించును. ఒకటి తీయగా 6. కావున మన సంఖ్య అంకెల మొత్తమును తొమ్మిదిచే భాగించిన 6 మిగులవలెను. ఆ మొత్తము 87, శేషము 6, సరిపోయినది. ఈ నవశేషపరీక్ష మన దేశమున క్రొత్తది కాదు. మహాసిద్ధాంతకర్తయగు ద్వితీయార్యభటుడు దీనిని చెప్పియున్నాడు. రెండవది పదునొకండు శేషము. ఏకస్థానము మొదలుకొని ఒకటి విడిచి ఒకటి గ్రహించిన అంకెల మొత్తము 62, విడిచినవాని మొత్తము 25, భేదము 37, పదునొకండుచే భాగించిన 4 శేషము. రెండు యొక్క అరువదినాలుగవ ఘాతమునకు పదునొకండు శేషము 5. ఒకటి తీయగా 4. ఇదియు సరిపోయినది. అనగా ప్రసిద్ధపాఠము ఈ రెండు పరీక్షలను దాటినది. మొత్తము గుణకారమును తిరిగి చేసి చూచినవారికి ఇరువది యంకెలును సరిపోవును.

ఇప్పుడు మా యనుభవమొకటి నివేదింతుము. కొన్ని సంవత్సరములకు పూర్వము తరగతిలో ఈ పద్యమును మేము స్మృతిని నమ్మి నల్లబల్లపై వ్రాసితిమి. 'అబ్ధి' యని యుండవలసినచోట 'అద్రి' యని వ్రాసితిమి. గణములు సరిపోయినవి, రెండు పదములును గురులఘువులే. ఆ స్థానము యతిస్థానము గాని ప్రాసస్థానము గాని కాదు. అబ్ధి సముద్రము, అద్రి పర్వతము. రెండును సంఖ్యావాచకములే గనుక అర్థభంగమును లేదు. వ్యాకరణమున ఆక్షేపింపదగినది లేదు. ఇంచుమించు పది సంవత్సరములుగా మేము అట్లే బోధించుచుంటిమి కాబోలు. గణితమున పట్టము పొంది తెలుగు చదువ వచ్చిన ఒక విద్యార్థి ఆనాడు లేచి, 'అయ్యా, అంకెల మొత్తము తొంబది వచ్చుచున్నదండి. ఈ సంఖ్య తొమ్మిదిచే భాగింపబడరాదు' అని వినయముగా చెప్పెను. మేము అచ్చుప్రతిని తెప్పించి చూచితిమి. అతడు ప్రతిని చూడకయే దోషము నెరిగెను.

ఈ పొరపాటులో విచారింపదగిన యంశము కలదు. నాలుగునకు మారుగా ఏడు పడుటచే సంఖ్య మూడు ఖర్వములు, అనగా మూడు లక్షల కోట్లు పెరిగినది. ఐనను పెరిగినది మూడింటి గుణిజమే గనుక మూడుచే భాగించు పరీక్ష దీనిని పట్టజాలదు. కడపటి యంకె మారలేదు గనుక ఐదుచే భాగించు పరీక్షయు పట్టజాలదు. తొమ్మిది పరీక్షయే పట్టినది. అందుచే ఒక పరీక్షలో నెగ్గినంతమాత్రమున పాఠము శుద్ధమని తలంపరాదు.

దీనికి విపర్యయముగా, గణితము పట్టజాలని దోషములును కలవు. మొదటి పాదమున ఐదింటికి వాడిన 'సాయక' శబ్దమునకు మారుగా ఎవడైన లేఖకుడు 'మార్గణ' శబ్దమును వ్రాసెనని యనుకొందము. రెండును బాణవాచకములే, విలువ ఐదే, గణములును ఒక్కటే. సంఖ్య ఇసుమంతయు చెడదు. కాని ఆ పదము మొదటి యక్షరము పాదమున పదునొకండవది, అనగా యతిస్థానము. శకారమునకు సకారము యతిమైత్రి గలది; మకారము కాదు. ఇచ్చట దోషమును పట్టునది ఛందస్సే. అట్లే పద్యారంభమున 'శర' శబ్దమునకు మారుగా 'ఇషు' వ్రాసినచో విలువయు గణములును నిలుచును గాని యతిప్రాసలు రెండును చెడును. ఈ పద్యమున నాలుగు పాదములకును రేఫమే ప్రాస. ఇక మొదటి రెండు పదములగు 'శర', 'శశి' అను వానిని తారుమారు చేసినచో గణములు చెడవు, యతి చెడదు, అంకెల మొత్తము మారదు గనుక తొమ్మిది పరీక్షయు ఊరకుండును. కాని ప్రాస చెడును. పదునొకండు శేషము నాలుగునకు మారుగా ఏడగును. ఐదుచే భాగింపబడవలసిన సంఖ్య ఒకటితో ముగియును.

కావున ఈ పద్యమునకు మూడు కావళ్లు కలవని చెప్పవచ్చును: గణములు, యతిప్రాసలు, గణితము. ఒకటి నిద్రించినచోట మరియొకటి మేల్కొనియున్నది. వీనిలో గణితము పని విలువను నిర్ణయించుట. పదమును నిర్ణయించుట దాని పని కాదు. నాలుగను విలువ సిద్ధమైన పిదప అచట 'వేద' యుండవలెనా, 'వార్ధి' యుండవలెనా యను ప్రశ్నకు లెక్కలో సమాధానము లేదు. అచట మరల ప్రతులనే యాశ్రయింపవలెను.

ఈ విచారణ ఒక పద్యముతో ముగియునది కాదు. భూతసంఖ్యలలో మిక్కిలి ప్రమాదకరమైనది సముద్రవాచకము. దిక్కులను బట్టి సముద్రములు నాలుగు. పురాణప్రసిద్ధిని బట్టి ఏడు. సంఖ్యాగ్రంథములలో నాలుగే బహుళప్రయోగము, ఏడును కలదు. మన పద్యమున అబ్ధి, పయోనిధి అని రెండుచోట్ల సముద్రము వచ్చినది. రెండుచోట్లను నాలుగే యని ఏ నిఘంటువును చూడకయే చెప్పవచ్చును. ఏడని గ్రహించినచో సంఖ్య నిలువదు. ఇట్లు ఈ పద్యము సముద్రశబ్దమునకు నాలుగను విలువను గణితము సాక్షిగా స్థాపించుచున్నది.

ఈ విలువ ఎంత ముఖ్యమో రాజరాజనరేంద్రుని చరిత్రయే తెలుపుచున్నది. కోరుమెల్లి శాసనమున ఆ రాజు పట్టాభిషేకకాలము శకవర్షములలో వేద, అంబురాశి, నిధి అను పదములతో చెప్పబడినది. వేదములు 4, నిధులు 9. అంబురాశిని నాలుగుగా గ్రహించినచో శక 944, అనగా క్రీ.శ. 1022. ఏడుగా గ్రహించినచో శక 974, అనగా క్రీ.శ. 1052. ఒక్క సముద్రముచే నన్నయ యుగము ముప్పది సంవత్సరములు ముందునకు జరుగవలసివచ్చును! శాసనము సింహస్థుడగు సూర్యుని, కృష్ణద్వితీయను, ఉత్తరాభాద్రను, గురువారమును గూడ పేర్కొన్నందున సంశయమునకు తావు లేకపోయినది. 1022 ఆగస్టు 16వ తేది గురువారమే. సంఖ్యాపద్యమునకు గుణకారమెట్టిదో శాసనకాలమునకు పంచాంగమట్టిది. పదము చెప్పినదానిని లెక్క ధ్రువపరుపవలెను.

ఇంతవరకు గణితప్రమాణము బలమును చూపితిమి. దాని పరిమితిని గూడ చెప్పకున్న విచారణ అసంపూర్ణమగును. ఈ సంఖ్య భారతదేశమున మాత్రమే కనబడునది కాదు. అల్‌బిరూనీ సుమారు క్రీ.శ. 1000లో రచించిన ప్రాచీనజాతుల కాలగణనగ్రంథమున చతురంగపు గళ్ల మొత్తమును ఇదే సంఖ్యగా సాధించి చూపెను. అంతకు పూర్వమే 952లో దమస్కసు నగరమున అల్‌ఉక్లీదిసీ తన అంకగణితమున చతురంగపు గళ్ల రెట్టింపును చర్చించెను. చతురంగమును కనిపెట్టిన మేధావి రాజును ధాన్యపుగింజలు కోరిన కథను పదుమూడవ శతాబ్దమున ఇబ్న్ ఖల్లికాను చెప్పెను. ఆ కథలో మేధావి భారతీయుడు. ఈ సామ్యమును చూచి, మనవారు అరబ్బులనుండి గ్రహించిరనిగాని, అరబ్బులు మననుండి గ్రహించిరనిగాని తేల్చుటకు కొందరు తొందరపడవచ్చును.

ఆ తొందర తగదని మా యభిప్రాయము. రెండు కావ్యములలో ఒకే విచిత్రమైన కల్పన, లేదా ఒకే తప్పుపాఠము కనబడినచో సంబంధమును ఊహింపవచ్చును. ఏలయన స్వతంత్రులగు ఇరువురు ఒకే తప్పును చేయుట అరుదు. కాని సరియైన లెక్కను చేసినవారందరును ఒకే ఫలమును పొందితీరవలెను. దమస్కసున లెక్కించినను రాజమహేంద్రవరమున లెక్కించినను అరువదినాలుగు గళ్ల మొత్తమునందు ఒక్క అంకెయు మారదు. కావున ఏ గుణముచే ఈ సంఖ్య పాఠశుద్ధికి తిరుగులేని సాక్షి యగుచున్నదో, ఆ గుణముచేతనే అది ఆదానప్రదానములకు సాక్షి కాజాలదు. చతురంగపు కథ ప్రయాణము చేసి యుండవచ్చును. సంఖ్య ప్రయాణము చేయవలసిన పనిలేదు. అట్లే సంఖ్య సరిగా నున్నదను హేతువుచే పద్యము మల్లనదే యనిగాని, పదునొకండవ శతాబ్దపుదే యనిగాని తేలదు. కర్తృనిర్ణయమునకు భాషయు ప్రతులును వేరుగా సాక్ష్యమీయవలెను.

కథలు ఎంత సులభముగా సంఖ్యను చుట్టుకొనునో తెలుపుటకు మరియొక యుదాహరణము చాలును. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా 1883లో మూడు కడ్డీలు, బిళ్లలు గల ఒక క్రీడను ప్రచురించెను. దానితో పాటు కాశీక్షేత్రమున బ్రహ్మ నెలకొల్పిన అరువదినాలుగు బంగారుబిళ్లలను పూజారులు ఒక కడ్డీనుండి మరియొకదానికి మార్చుచున్నారనియు, ఆ పని ముగిసిననాడు ప్రపంచము అంతమగుననియు ఒక కథ వ్యాపించెను. ఆ కదలికల సంఖ్యయు సరిగా 18446744073709551615. క్షణమున కొక కదలిక చొప్పున, అనగా నేటి సెకను మానమున, లెక్కించినచో సుమారు 58 వేల కోట్ల సంవత్సరములు పట్టును. కల్పము 432 కోట్ల సంవత్సరములని గ్రహించినచో ఇది సుమారు 135 కల్పములు. లెక్క నిర్దుష్టము; కథ మాత్రము క్రీడతో పాటు ఐరోపాలో పుట్టిన కల్పన. సంఖ్య సత్యమైనంతమాత్రమున దానిని మోసికొనివచ్చిన కథ సత్యము కాదు.

నేడు గణనయంత్రములలో అరువదినాలుగు ద్వ్యంకస్థానములు గల కోష్ఠమున నిలుపదగిన ఋణేతర పూర్ణసంఖ్యలలో మిక్కిలి పెద్దది ఈ సంఖ్యయే. ప్రతి స్థానమును సున్నయో ఒకటియో యగుట, ప్రతి యక్షరమును గురువో లఘువో యగుట వంటిదే. అందుచే ఈ విషయమున మనకు ఆశ్చర్యము కలుగనక్కరలేదు. గర్వించి విశ్రమింపనక్కరయు లేదు. యంత్రము చేతిలోనున్న ఈ కాలమున సంఖ్యాపద్యమును లెక్కింపక ముద్రించుటకు మనకు మునుపటివారికున్న సాకు లేదనియే మేము గ్రహింపవలసియున్నది.

పరిశోధకవిద్యార్థులకు మా మనవి ఇది. గణితము, జ్యోతిషము, శాసనములు, గ్రంథాంతగద్యములలోని కాలసూచనలు మొదలగువానియందు సంఖ్యావాచకము కనబడినచో మొదట అర్థమును వ్రాసికొనుడు. పిదప విలువను కట్టుడు. ఆ విలువ దేనికి కట్టుబడవలసియున్నదో విచారింపుడు. గుణకారమునకైన, తిథివారములకైన కట్టుబడినచో అచట మీకు ప్రతులకంటె బలవత్తరమైన సాక్షి లభించినదని యెరుగుడు. దేనికిని కట్టుబడనిచో వినయముతో పాఠాంతరములను చూపి విడువుడు. ఈ వివేకము మాకు గ్రంథములవలన గాక తరగతిలో ఒక విద్యార్థివలన కలిగినది. ఆనాడు నల్లబల్లపై 'అద్రి'ని తుడిచి 'అబ్ధి'ని వ్రాసిన పిదపనే ఆ పద్యమును మేము నిజముగా చదివితిమని చెప్పవలసియున్నది.